పంచె కొసన పసుపు బియ్యం

కిందటి వారం దేముణ్ణి మనం ఎక్కడ వదిలేశామో గుర్తుందా? నెత్తిన అమ్మవారి ఘటం, ఒళ్ళంతా పసుపు, మెడలో వేపమండల దండ, వెనక డప్పులు. ఆడవాళ్ళు బిందెలతో పసుపు నీళ్ళు తెచ్చి అతని పాదాల మీద పోస్తుండగా మథురాకాటి సందు మొదట్లో పోలీసు థానా జీపు వచ్చి ఆగింది. అక్కడ వదిలేసి ఎవరి పనుల మీద వాళ్ళం పోయాం. పాపం వారం నుంచీ తడికాళ్ళతో అలాగే నిలబడి ఉన్నాడు. రండి, ముందు ఆ ఘటం దించుదాం.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. మథురాకాటి అంటే బెంగాల్లో రైల్వే పనులకొచ్చి స్థిరపడ్డ మన తెలుగువాళ్ళ పేట. దేముడు మేదినీపూర్ జైలు నుంచి వచ్చి ఏడాది కాలేదు. ఒక మేడ కింద నీళ్ళ మోటారు విప్పి, లోపలి రాగితీగ అమ్ముకున్నందుకు పోయాడు. చెయ్యలేదని ఏనాడూ అనలేదు. చేశాడు, తిన్నాడు, శిక్ష పడితే అనుభవించి వచ్చాడు. విడుదలైన రోజు గేటు బయట అతని కోసం ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకడు లోపల పరిచయమైన సావాసగాడు, చేతిలో మళ్ళీ అలాంటి పనే పెట్టుకుని వచ్చాడు. రెండోవాడు దేముడి అప్ప, అంటే అక్క, కళ్యాణి మొగుడు ఉమాశంకర్, చేతిలో చేపల పులుసు క్యారేజీ. దేముడు పులుసు వైపు నడిచాడు. మీరైనా నేనైనా అటే నడుస్తాం.

ఉమాశంకర్‌ది రైల్వే ఉద్యోగం. మోటార్లకు తీగ చుట్టడంలో మంచి చెయ్యి. అంతకంటే మంచి నవ్వు. ఒకసారి హౌరా బండిలో టికెట్ లేకుండా ఎక్కి, టీటీ వంక చూసి నవ్వితే, ఆ టీటీ తన బెర్తే ఖాళీ చేసి ఇచ్చి తలగడ కూడా సర్దాడని చెప్పుకుంటారు. అది నేను చూడలేదు. తలగడ మాత్రం చూశాను. ఇప్పటికీ వాళ్ళ క్వార్టర్లోనే ఉంది.

ఆ నవ్వుతోనే అతను బావమరిదికి విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో, ఒక గోడౌన్లో బస్తాలెత్తే పని ఇప్పించాడు. దేముడు ఒళ్ళు దాచుకోకుండా చేశాడు. ఒకరోజు ఎవరో సూపర్‌వైజర్ చెవిన వేశారు, వీడు జైలు మనిషని. మర్నాడు గేటు తెరుచుకోలేదు. ఆ తర్వాత సుభాష్‌పల్లిలో ఒక మోటారు పోయింది. ఇంకొన్నాళ్ళకు ఇందా పేటలో ఇంకొకటి. పోయినప్పుడల్లా జీపు తిన్నగా దేముడి తల్లి పోలమ్మ గుమ్మం ముందుకే వచ్చేది. డ్రైవరు కునుకు తీసినా ఆ జీపు దారి తెలిసిన గేదెలా తనంతట తనే వచ్చేస్తుందని పిల్లలు పందేలు కాసుకునేవాళ్ళు. తీసుకుపోయి, కూర్చోబెట్టి, అడిగి, ఏమీ దొరక్క వదిలేసేవారు. వదిలేశాక మాత్రం పని ఇచ్చేవాడు ఉండేవాడు కాదు. గేటు దగ్గరి పాత సావాసగాడు ఒక్కడే మళ్ళీ మళ్ళీ కబురు పెట్టేవాడు, ‘నీ చోటు నీకు ఉంచాను’ అని. దేముడు వెళ్ళలేదు.

కొడుకు బయటికి వస్తే వాడి చేతే ఘటం ఎత్తిస్తానని పోలమ్మకు ఎప్పటి నుంచో మొక్కు. కమిటీవాళ్ళు తటపటాయించారు. అమ్మవారికి జైలూ బయటా తేడా ఏముందని పోలమ్మ నిలదీసేసరికి సరేనన్నారు. అదిగో, ఆ మొక్కులోనే ఉన్నాడు దేముడు.

ఇక జీపు దిగినాయన సంగతి. థానాలో రెండో అధికారిని ఇక్కడ మేజోబాబు అంటారు. ఈయనకు అసలు పేరొకటి ఉండేదని, అది వాడక తుప్పుపట్టిందని చెప్పుకుంటారు. పొట్ట ముందుగా వచ్చి నలుగుర్నీ విచారించి కూర్చుంటుంది, వెనకాల ఆయన వచ్చి సంతకం పెడతారు. అయినా మనిషి మొరటు కాదు. తెలుగు ముక్క రాకపోయినా తెలుగువాళ్ళ పద్ధతులు తెలుసు. ఘటానికి అడ్డం రాలేదు. బూట్లు విప్పి, పందిరిలో ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుని, ఘటం దించి హారతి ఇచ్చేదాకా టీ తాగుతూ ఆగారు.

దేముడు ఘటం దించాడు. కళ్ళకద్దుకున్నాడు. వెనక్కి తిరిగేసరికి కానిస్టేబుల్ ఒక మూట తెచ్చి మేజోబాబు కాళ్ళ దగ్గర పడేశాడు. ఇందాలో రాత్రి మళ్ళీ మోటారు పోయిందట. ఎవరో ఫోను చేసి చెబితే వెతికారట. పందిరి వెనక జనరేటర్ మీద కప్పిన టార్పాలిన్ కింద దొరికిందట.

మూట విప్పారు. లోపల రాగితీగ, ఎండకి మెరిసింది.

మథురాకాటి జనం రాగిని చూడలేదు. మూట కట్టిన గుడ్డను చూశారు. పచ్చ పంచె, ఎర్ర అంచు. ఆ అంచు పంచెలు ఈ ఏడు కమిటీ కొన్నవి రెండే రెండు, అవీ ఘటం ఎత్తేవాడికే ఇచ్చింది. ఒకటి దేముడి ఒంటి మీద ఉంది. రెండోది ఇదిగో, రాగి మూటగా కట్టి ఉంది.

“అయ్యో” అన్నారెవరో. “మొక్కులో ఉండి కూడానా!” అని ఇంకొకరు. ఒక ముసలమ్మ తన బిందెలో మిగిలిన పసుపు నీళ్ళు పక్కకి పారబోసింది. అవి దేముడి పాదాల మీద పోద్దామని పట్టుకున్నవే.

దేముడు పంచె వంకే చూస్తున్నాడు. దాని కొసన చింతపిక్కంత ముడి ఉంది.

ఆ ముడి సంగతి మీకు చెప్పాలి. ఘటం ఎత్తేవాడు మొదటి రోజు కట్టిన పంచెను వాడు ఉతుక్కోకూడదు, చాకలికీ వెయ్యకూడదు. ఇంటి ఆడపడుచు పట్టుకెళ్ళి ఉతకాలి. ఆరాక కొసన చిటికెడు పసుపు బియ్యం ముడివేసి తన ఇంట్లోనే దాచాలి. ఆఖరి రోజు, అంటే ఇవాళ, ఆ పంచె తెచ్చి ఇస్తే, వాడు ముడి విప్పి బియ్యం అమ్మవారి పాదాల దగ్గర వెయ్యాలి. ఇది ఆడవాళ్ళ చేతుల్లో నడిచే తంతు. ఘటం ఎత్తే ఇళ్ళలో తప్ప మిగతా మగవాళ్ళకి తెలియదు. మగవాళ్ళకి పంచె ఉతికి ఉందో లేదో కూడా కట్టుకున్నాక గానీ తెలియదు కదా. ఉమాశంకర్ వాళ్ళు ఏనాడూ ఘటం ఎత్తినవాళ్ళు కారు.

పంచెకు ముడి ఉందంటే అది అప్ప ఇంటికి వెళ్ళింది. అక్కడ ఉతికారు. అక్కడ ముడివేశారు. అక్కడి నుంచే ఇక్కడికి వచ్చింది.

ఇది అర్థం కావడానికి దేముడికి ఎంతోసేపు పట్టలేదు. నమ్మడానికే పట్టింది.

“మొక్కు బట్టలతో రాలేను బాబు. మార్చుకుని వస్తాను” అన్నాడు బెంగాలీలో. మేజోబాబు తలూపారు. పందిరి వెనక, ఘటం సామాను పెట్టే తెర చాటుకి వెళ్ళాడు దేముడు. కానిస్టేబుల్ తెర బయట నిలబడ్డాడు. లుంగీ, చొక్కా పట్టుకుని ఉమాశంకర్ లోపలికి వచ్చాడు.

“ఏసుకోరా” అన్నాడు మెల్లగా. “నానూ వస్తాను థానాకి. భయపడకు. వకీలుబాబుతో మాటాడినాను.”

“అప్పుడే మాటాడేసినావా బావా? జీపు ఇంజినింకా సల్లారనేదు.”

చొక్కా గుండీలు విప్పుతున్న ఉమాశంకర్ వేళ్ళు ఆగాయి.

“ఆ పంచి ఎక్కడిది బావా?”

“నీదే కదరా.”

“నాదే. మొదటి రోజు కట్టింది. అప్ప పట్టుకెళ్ళింది ఉతకడానికి.”

“ఎవుడో దండెం మీంచి లాక్కుపోయుంటాడు. ఊళ్ళో దొంగలకేటి కరువా?”

“కరువే ఉన్నట్టుంది. నేకపోతే అందరూ నా గుమ్మంలోకే ఎందుకొస్తారు?” దేముడు మెడలో వేపదండ తీసి కింద పెట్టాడు. “కొసన ముడి సూసినావా?”

“ఏటి ముడి?”

“పసుపు బియ్యం ముడి. ఉతికినాక అప్ప ఏసింది. ఏసినాక లోపల దాసేస్తాది. దండెం మీద ఉండదు బావా. నీకు తెల్దు. మీ ఇంట్లో ఎవులూ ఘటమెత్తనేదు కదా.”

ఉమాశంకర్ నవ్వబోయాడు. హౌరా టీటీని పడగొట్టిన ఆ నవ్వు సగం దాకా వచ్చి ఆగిపోయింది. అది లేకపోతే ఆ ముఖంలో చూడటానికి ఏమీ లేదు. తెర అవతల డప్పులవాళ్ళు డప్పులు కాచుకుంటున్నారు. చితుకుల పొగ లోపలికి వస్తోంది.

“ఒకటి అడుగుతాను” అన్నాడు దేముడు. “నాను ఇప్పింది ఒక్క మోటారు. కోర్టులో నాలుగు సదివినారు. వకీలు నన్ను తిట్టినాడు, నాలుగు సేసి ఒకటి సెప్తావేటిరా అని. లోపలున్నన్నాళ్ళూ అదే ఆలోసన. గవర్మెంటోళ్ళు కొసరేసినారేమో అనుకునీవోణ్ణి. ఆ మూడూ నీవేనా?”

ఉమాశంకర్ విప్పిన గుండీ మళ్ళీ పెట్టాడు.

“సెప్పు బావా. మనిద్దరమే.”

“ఒకటికీ నాలుక్కీ ఏటిరా తేడా?” అన్నాడు ఉమాశంకర్. గొంతులో కోపం కూడా లేదు. అలసిపోయినవాడి గొంతు. “ఎలాగూ ఎళ్ళీవోడివే కదా.”

“నాను లోపలున్నప్పుడు?”

“ముట్టుకోనేదు. అమ్మోరి మీద ఒట్టు. భయమేసింది. పోతే ఎవుడి మీద పడతాదో తెల్దు కదా. నువ్వొచ్చినావు. తెలిసిపోయింది.”

దేముడు చొక్కా చేతిలోకి తీసుకున్నాడు గానీ వేసుకోలేదు.

“పార్క్‌లో సూపర్‌వైజర్‌కి సెప్పిందీ...”

“నానే.”

“పని ఇప్పించింది నువ్వే కదా!”

“ఇప్పించినప్పుడు మంచి మనసుతోటే ఇప్పించినాన్రా. తరవాత ఆలోసిస్తే, గేటు కాడ హాజరు పడతాది కదా. నువ్వెప్పుడొచ్చినావో ఎప్పుడెళ్ళినావో అందరికీ తెలుస్తాది. అలాగైతే నీ మీదికి ఎలాగొస్తాది?” అని, “మొక్కులో ఉన్నోడు పందిట్లో ఒంటిగా పడుకుంటాడు. అమ్మోరు థానాకొచ్చి సాక్ష్యం సెప్పదు” అన్నాడు.

“నీకేటి తక్కువైంది బావా? క్వార్టరుంది. జీతముంది. నాకు తిండి నేకపోయింది, నాను ఎత్తినాను. నీకేటి?”

ఉమాశంకర్ నిజంగానే ఆలోచించాడు. అబద్ధం చెబుదామని కాదు, తనకే తెలియక.

“ఏటీ తక్కువ అవనేదు. సులువుగా ఉన్నాది, అంతే. నువ్వున్నావు కాబట్టి సులువు.”

దేముడు అప్పటిదాకా నిలబడే ఉన్నాడు. అప్పుడు ఘటం సామాను పెట్టె మీద కూర్చున్నాడు.

“ఆ రోజు గేటు కాడికి సేపల పులుసు ఎందుకు తెచ్చినావు?”

“ఎందుకేటి? ఆకలేస్తాదని.”

అది నిజమే. అదే దేముడికి మింగుడు పడలేదు. రెండో చేత్తో మెడ పిసికేవాడు మొదటి చేత్తో అన్నం కలిపి పెట్టినప్పుడు, ఆ అన్నమైనా దొంగదైతే బాగుండేది. గేటు దగ్గరి సావాసగాడు నయం. తనకేం కావాలో ముందే చెప్పాడు.

“అప్పకి తెలుసా?”

“తెల్దు.” ఉమాశంకర్ మొదటిసారి దగ్గరికి జరిగాడు. “సెప్తావేటి? సెప్పు. నా ఉద్యోగం పోద్ది. క్వార్టరు కాళీ సెయ్యమంటారు. మీ అప్పా, గుంటలూ ఎక్కడికెళ్తారు? మీ అమ్మ రేకుల కొంపలోకా? నువ్వెళ్తే ఏటవుద్ది సెప్పు. అలవాటైనోడివి. అక్కడ ఎక్కడ నీళ్ళుంటాయో, ఎక్కడ నీడుంటాదో తెలిసినోడివి. నువ్వెళ్తే ఇక్కడ ఎవులికీ ఏటీ మారదురా.”

తెర కదిలింది. కానిస్టేబుల్ లాఠీతో గుంజ మీద రెండుసార్లు కొట్టాడు.

దేముడు లేచాడు. చొక్కా వేసుకోలేదు. పసుపు ఒంటితోనే బయటికి నడిచాడు. ఆ ముడి చూపించాలి. అంతకంటే ఏమీ చెప్పక్కర్లేదు. ముడి చూపిస్తే, ఇది ఎవరు వేస్తారో ఏ ఆడమనిషినైనా అడగమంటే చాలు. మళ్ళీ ఆ గేటు, మళ్ళీ ఆ వరస, మళ్ళీ ఆ కంచం వద్దు. అప్పను తర్వాత కాళ్ళు పట్టుకుని బతిమాలుకుంటాడు. ముందు తను బయట ఉండాలి.

అప్పటికే మేజోబాబు పోలమ్మను పిలిపించారు. ఆవిడ మూట పక్కన గొంతుక్కూర్చుని ఉంది. కళ్ళు సరిగా ఆనవు. వేళ్ళతోనే చూస్తుంది. ఎర్ర అంచు తడిమింది. అంచు వెంట వేళ్ళు జరుపుకుంటూ కొస దాకా వచ్చింది. అక్కడ ఆగింది.

ముడి దొరికింది.

ఘటం ఎత్తిన ఇంటి కోడలు పోలమ్మ. అలాంటి ముళ్ళు తనూ వేసింది, కూతురికి నేర్పింది. బియ్యం ఎన్నైతే ముడి ఎంత గట్టిపడుతుందో వేలికే తెలుసు. తలెత్తింది. కొడుకు తెర చాటు నుంచి వస్తున్నాడు. వాడి వెనక, రెండడుగులు దూరంగా, అల్లుడు. నవ్వు లేని అల్లుడు.

కళ్ళు ఆనని మనిషికి ఆ ఒక్కటీ ఆనింది.

దేముడికి గుండె మీంచి రాయి దిగినంత హాయి. అమ్మ చూసింది. అమ్మకు తెలిసిపోయింది. ఇక తను నోరు విప్పనక్కర్లేదు.

పోలమ్మ గోరు ముడి మీద పని చేసింది. ముసలి గోరే గానీ ముడి రహస్యం తెలిసిన గోరు. ముడి వదులైంది. బియ్యం గుప్పిట్లోకి వచ్చాయి. చెయ్యి కిందికి దించి, వేళ్ళు తెరిచింది. పందిరి కింద నేల నిండా పొద్దున్నుంచీ జనం ఘటం మీద చల్లిన పసుపు బియ్యమే. అవి వాటిలో కలిసిపోయాయి. ఏవి ఏవో ఇక అమ్మవారికి కూడా తెలియదు.

పంచె కొసను అరచేత్తో సాపు చేసింది, ముడత లేకుండా.

“ఎటా కార్, మాషీ?” అని మేజోబాబు రెండోసారి అడిగారు. ఎవరిదమ్మా ఇది, అని.

“ఆమార్ ఛేలేర్, బాబు” అంది పోలమ్మ. నా కొడుకుదే.

“అమ్మా!” అన్నాడు దేముడు.

పోలమ్మ అతని వంక చూడలేదు. “ఎళ్ళిరా నాయనా” అంది, డ్యూటీకి పంపినట్టు. తర్వాత, పెదవులు మాత్రమే కదిలేలా, “అది గుంటల తల్లిరా” అంది. అప్ప పిల్లల తల్లి, అని.

మొక్కు మొక్కింది ఈవిడే. వాణ్ణి బయటికి తెచ్చుకోవడానికి ఎక్కని గుడి మెట్టు లేదు, ఉండని ఉపవాసం లేదు. ఆ నోటితోనే ఇప్పుడు పొమ్మంది. దేముడు బిగించిన గుప్పిళ్ళు వదిలేశాడు. కానిస్టేబుల్ వచ్చి మోచెయ్యి పట్టుకుంటే విదిలించుకోలేదు. జనం దారి ఇచ్చారు. జైలుకి పోయేవాడికి దారి ఇవ్వడంలో మథురాకాటి ఏనాడూ వెనకాడలేదు.

ఇక్కడితో అయిపోయేదే. జీపు స్టార్టయి పందిరి అంచుకి వచ్చింది కూడా.

“అమ్మా! ఓలమ్మా!” అని కేక వినిపించింది. కళ్యాణి. ఒక చేత్తో హారతి పళ్ళెం, రెండో చేత్తో కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పరిగెత్తుకొస్తోంది. జీపు సంగతి ఎవరో దారిలో చెప్పినట్టున్నారు. ముఖం నిండా చెమట. వచ్చి మూట మీద పడి ఉన్న పంచె చూసింది. ఏడుపు ఆపేసి ముఖం చిట్లించింది.

“ఇది నాను ఉతికిన పంచి కాదేటి! పొద్దున్నుంచీ ఇల్లంతా ఎతుకుతున్నాను. ముడేసి పెట్టిలో ఎట్టినాను, తాళమేసి. ఇక్కడికెలాగొచ్చింది?” పంచె చేతిలోకి తీసుకుని కొస తిప్పి చూసింది. “అమ్మా, ముడేదీ? దీని ముడి ఎవులిప్పేసినారు?”

డప్పులు కాచుకునేవాళ్ళు చేతులు ఆపారు.

అంత చిన్న మాటలు, అంత పెద్ద పందిరి. అయినా ఆఖరి వరసలో నిలబడ్డవాడి దాకా వినిపించాయి. విన్న ప్రతివాళ్ళకీ అర్థమయ్యాయి. పోయింది ఎవరి పెట్టెలోంచో, ఆ పెట్టె తాళం ఎవరింట్లో ఉంటుందో తెలియని మనిషి అక్కడ లేడు.

లేడంటే, ఒక్కడున్నాడు. మేజోబాబు.

“కీ బోల్లో?” అన్నారాయన జీపు మెట్టు మీద కాలు పెట్టబోతూ ఆగి. ఏమంది?

పందిట్లో బెంగాలీ రానివాడు ఎవడు? కమిటీ పెద్ద రామచంద్రమూర్తి గారు బజారులో రోజంతా బెంగాలీలోనే బేరాలాడతారు. ఆయన కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడవడం మొదలుపెట్టారు. ఆ అద్దాలకి అంత దుమ్ము ఎప్పుడూ పట్టలేదు. పక్కనే పాత రైల్వే గార్డు ఒకాయన, రవీంద్ర సంగీతం పాడి బెంగాలీలనే ఏడిపించినవాడు, ఆకాశం వంక చూశాడు. బిందె పారబోసిన ముసలమ్మ నేల వంక చూసింది. ఒక్కరు చెబితే చాలు. ఒక్కరూ చెప్పలేదు.

కళ్యాణి అందర్నీ చూసింది. అమ్మను చూసింది. అమ్మ తల దించుకుంది. అప్పుడు మొగుణ్ణి చూసింది. పెళ్ళయిన నాటి నుంచి ఆ ముఖం మీద నవ్వు లేకుండా ఆమె చూడలేదు. పళ్ళెం పక్కకి ఒరిగింది. వెలిగించని కర్పూరం బిళ్ళ జారి తడినేల మీద పడి, పసుపు బురదలో దొర్లింది.

“తుయి బొల్” అన్నారు మేజోబాబు, ఈ మూగ ఊరితో విసిగిపోయి, దేముడి వైపు తిరిగి. నువ్వే చెప్పు. నీ దీదీ ఏమంది?

దేముడికి బెంగాలీ బాగా వచ్చు. తల్లిలా ముక్కలు ముక్కలుగా కాదు, తడుముకోకుండా. లోపల నేర్చుకున్నాడు. జైలు అతనికి ఇచ్చిందంటూ ఏదైనా ఉంటే అదొక్కటే.

అతను అప్పను చూశాడు. ముడి లేని పంచె కొసను ఆమె ఇంకా పట్టుకునే ఉంది. వెనక బావ ఊపిరి వినిపిస్తోంది. కాళ్ళ కింద పసుపు బియ్యం గుచ్చుకుంటున్నాయి.

“దీదీ బోల్‌ఛే, బాబు...” అని మొదలుపెట్టాడు.